సంగీత సాధకుడు జాన్ కోల్ట్రేన్

విద్య యనునది యొకసారి యార్జించి పెట్టెలో దాచుకొను సొమ్ము కాదు. సానపట్టని కత్తి త్రుప్పుపట్టినట్లు, అభ్యసింపని విద్య మొక్కవోవును. విద్వాంసుడైన పిమ్మటను విద్యార్థిగనే మిగులగలవాడు అరుదు. అట్టి అరుదైనవారిలో అమెరికా దేశపు శాక్సఫోను విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ఒకడు. అతడు జీవించినది నలువది సంవత్సరములు మాత్రమే. అందును లోకము నేడు తలచుకొను కృషి యంతయు తుది పండ్రెండేండ్లలో జరిగినది. ముప్పదియవ యేట మత్తుమందునకు దాసుడై, కొలువు పోగొట్టుకొని, నశించిపోవలసిన మనుష్యుడు ఎట్లు లేచి నిలిచెనో, లేచిన పిమ్మట కీర్తి లభించిన చోటనే ఏల ఆగిపోలేదో తెలిసికొనుట, ఆ సంగీతము నెరుగనివారికిని ఉపయోగకరమే.

జాజ్ సంగీతము - శాక్సఫోను

జాజ్ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమున, న్యూ ఆర్లియన్స్ మొదలగు నగరములలో, 19వ శతాబ్దాంతమునను 20వ శతాబ్దారంభమునను రూపొందిన సంగీతము. ఆఫ్రికా ఖండమునుండి బానిసలుగా కొనిపోబడిన నల్లజాతివారి సంతతి దీనికి ప్రాణము పోసెను. వారి పనిపాటలు, ప్రార్థన గీతములు, కవాతు బాండుమేళములు, ఐరోపా వాద్యములు అన్నియు కలిసి ఇది ఏర్పడెను. మన విద్వాంసుడు కీర్తన పాడి, పిమ్మట నెరవును కల్పనస్వరమును తన మనోధర్మము ననుసరించి పెంచునట్లే, జాజ్ విద్వాంసుడును ఒక పాటను తీసికొని దానిని అప్పటికప్పుడు కొత్తగా కల్పించును. భేద మేమనగా, మన సంగీతమున ఆధారషడ్జము మొదటినుండి తుదివరకు కదలదు. జాజ్ సంగీతమున పాట నడచుచుండగా పియానోపై పలుకు స్వరసమూహములు మారుచునే యుండును. వాద్యకారుడు ఆ మార్పుల నెరిగి, వానికి పొసగునట్లు స్వరములను కూర్చుకొనుచు సాగవలెను.

శాక్సఫోనును బెల్జియం దేశీయుడగు అడాల్ఫ్ శాక్స్ నిర్మించి 1846లో పేటెంటు పొందెను. దాని ఒడలు ఇత్తడి. కాని ధ్వని పుట్టునది క్లారినెట్టునందువలె ఒంటి రెల్లుబద్ద వలన. పరిమాణమును బట్టి దీనిలో సొప్రానో, ఆల్టో, టెనర్, బారిటోన్ మొదలగు భేదములు కలవు. టెనర్ శాక్సఫోను నాదము పురుషకంఠమునకు దగ్గరగా నుండును. కోల్ట్రేన్ వాయించిన ప్రధానవాద్య మిదియే.

జననము - బాల్యము

జాన్ కోల్ట్రేన్ 1926వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన నార్త్ కెరొలైనా రాష్ట్రమందలి హామ్లెట్ అను చిన్న పట్టణమున జన్మించెను. పెరిగినది అదే రాష్ట్రమునందలి హై పాయింట్ పట్టణము. తండ్రి దర్జీపని చేయుచు, తీరికవేళల ఫిడేలు వాయించుకొనెడివాడు. మాతామహుడు క్రైస్తవ మతబోధకుడు. అతని యింట ప్రార్థన గీతములును ధర్మోపదేశములును వినుచు బాలుడు పెరిగెను. ఆ దినములలో దక్షిణ రాష్ట్రములందు నల్లవారికి వేరుబడి, వేరు బండి, వేరు కూర్చుండుచోటు నియమించు శాసనములు అమలులో నుండెను. జాన్ చదివినదియు నల్లవారికై యేర్పడిన పాఠశాలయందే.

అతనికి పండ్రెండేండ్ల ప్రాయమున ఆ కుటుంబముపై పిడుగు పడెను. 1938వ సంవత్సరాంతమున తాత మరణించెను. 1939 జనవరిలో తండ్రి పోయెను. కొలదినెలలలోనే అమ్మమ్మయు కన్నుమూసెను. సంపాదించువారు లేని యింటిని నిలుపుటకై తల్లి ఇతరుల యిండ్లలో పనికి కుదిరెను. కొంతకాలమునకు ఆమె కుమారుని చదువు పూర్తియగువరకు హై పాయింటునందే విడిచి, ఉత్తరదేశమునకు జీవనోపాధికై తరలిపోయెను.

ఆ దుఃఖకాలముననే వాద్యము బాలుని చేతికి వచ్చెను. ఊరిలోని బాండుమేళమున చేరి అతడు మొదట ఆల్టోహార్ను, క్లారినెట్టు నేర్చెను. పిదప ఆల్టో శాక్సఫోనునకు మరలెను. సహజముగ మితభాషి యగు ఆ పిల్లవాడు, నోట చెప్పలేని దానిని ఊపిరితో చెప్పుట అప్పుడే మొదలుపెట్టెను.

విద్యాభ్యాసము

1943లో పాఠశాల చదువు ముగించి జాన్ ఫిలడెల్ఫియా నగరమునకు చేరెను. పగలు పంచదార శుద్ధిచేయు కర్మాగారమున కూలిపని. తక్కిన వేళలలో ఆర్న్‌స్టైన్ సంగీత పాఠశాలలో శిక్షణ. తల్లి తన కష్టార్జితముతో అతనికొక ఆల్టో శాక్సఫోను కొనియిచ్చెను. 1945 జూన్ 5వ తేదీన ఆ నగరముననే చార్లీ పార్కర్ అను మహావిద్వాంసుని వాద్యమును అతడు మొదటిసారి వినెను. ఆ వేగమును, ఆ కల్పనను విన్న దినమునుండి అతనికి సంగీతమే లోకమైనది.

అదే సంవత్సరము ఆగస్టు 6వ తేదీన, అనగా హిరోషిమాపై అణ్వస్త్రము పడిన దినముననే, అతడు నౌకాదళమున చేరెను. హవాయి దీవులలో నౌకాదళపు బాండులో ఒక సంవత్సరము వాయించి 1946 ఆగస్టులో విడుదలయ్యెను. యుద్ధానంతరము సైనికుల చదువునకు ప్రభుత్వ మిచ్చిన ధనసహాయముతో గ్రానాఫ్ సంగీత విద్యాలయమున చేరి, డెనిస్ శాండోల్ అను గురువునొద్ద స్వరశాస్త్రమును కూలంకషముగ పఠించెను.

గ్రంథాలయములను ప్రేమించువారు గుర్తింపదగిన విషయ మొకటి యిచట కలదు. ఆ కాలమున కోల్ట్రేన్ తన మిత్రుడును శాక్సఫోను విద్వాంసుడును అగు జిమ్మీ హీత్‌తో కూడి ఫిలడెల్ఫియా సార్వజనిక గ్రంథాలయమునకు పోయి, స్ట్రావిన్‌స్కీ మొదలగు ఐరోపా వాగ్గేయకారుల రికార్డులను చెవులకు గొట్టములు తగిలించుకొని వినెడివాడు. బీద యువకులకు విలువైన సంగీతము రుసుము లేకుండ లభించినచో టది.

అతని సాధననుగూర్చి సహవాసులు చెప్పిన విషయములు ఆశ్చర్యకరములు. ఇరుగుపొరుగువారు నిద్రించువేళ ఊపిరి నూదక వ్రేళ్ళు మాత్రము మీటలపై కదలించుచు అభ్యసించెడివాడు. వాద్యము చేతబట్టుకొనియే నిద్రపోయిన రాత్రు లనేకములు. కచ్చేరీ నడుమ విరామమునందు తక్కినవారు కబుర్లు చెప్పుకొనుచుండగా ఇతడు మూలనిలిచి సాధన చేయుచుండెను.

పతనము

1940వ దశకము చివరిభాగమున ఎడ్డీ విన్సన్ మేళమున టెనర్ శాక్సఫోను చేపట్టి, 1949లో డిజీ గిలెస్పీ మేళమున ప్రవేశించెను. పేరుగల మేళములే యైనను స్థిరమైన జీవనము లభింపలేదు. పని దొరకనప్పుడు మద్యశాలలలో పొడవైన బల్లపైకెక్కి, త్రాగువారి పాత్రల నడుమ నడచుచు వాయింపవలసివచ్చెను. స్వరశాస్త్రమును అంతగా పఠించినవానికి ఇది తలవంపుగా తోచెను. ఆ కాలపు జాజ్ వాద్యకారులలో పెక్కురను బలిగొన్న హెరాయిన్ అను మత్తుమందు ఇతనిని కూడ పట్టుకొనెను. దానికి మద్యపానము తోడయ్యెను. 1954లో జానీ హాడ్జెస్ మేళమునుండి ఈ కారణముననే తొలగింపబడెను.

1955లో ప్రసిద్ధ ట్రంపెట్టు విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఇతనిని తన ఐదుగురి మేళమున చేర్చుకొనెను. ఆ సంవత్సరమే నైమా అను సాధ్వితో ఇతనికి వివాహము జరిగెను. పేరు ప్రాకసాగెను. కాని వ్యసనము విడువలేదు. వేదికపై కునుకుపాట్లు, మాసిన దుస్తులు, వేళ తప్పుట మొదలగు దోషములు నానాటికి హెచ్చెను. పూర్వము తానును ఆ వ్యసనమునకే లోబడి బయటపడిన డేవిస్ సైతము ఓర్వలేక, 1957లో ఇతనిని పంపివేసెను. ముప్పదియేండ్ల ప్రాయమున కోల్ట్రేన్‌కు కొలువు లేదు, ఆరోగ్యము లేదు. విద్య మాత్రము మిగిలియుండెను. అదియు చేజారిపోవు దశ వచ్చెను.

పునర్జన్మ

ఆ వసంతకాలమున అతడు ఫిలడెల్ఫియాలో తల్లి యింట ఒక గదిలో చేరి, మత్తుమందును మద్యమును ఒక్కమారుగ మానివేయ నిశ్చయించెను. మందుల సహాయము లేదు. ఆహారము మాని నీరుమాత్రము త్రాగుచు, శరీరమున పుట్టు వణకును బాధను ఓర్చుకొనెను. తల్లియు భార్యయు కనిపెట్టియుండిరి. కొన్నిదినములకు బయటకు వచ్చినపుడు అతడు వేరు మనుష్యుడు. ఆ దినములలో తనకు దైవానుగ్రహము వలన మేల్కొలుపు కలిగినదనియు, సంగీతము ద్వారా ఇతరులకు ఆనందము కలిగించు భాగ్యమును కోరుకొంటిననియు ఏడేండ్ల పిమ్మట అతడే వ్రాసికొనెను.

ఆ యేడాదియే న్యూయార్కులోని ఫైవ్ స్పాట్ అను చోట థెలోనియస్ మంక్ అను పియానో విద్వాంసునితో కొన్నినెలలు వాయించెను. మంక్ అతనికి గురువువంటివాడు. తెలియని చిక్కుల నడిగినచో పియానోయొద్ద కూర్చుండి వాయించి చూపెడివాడు. కచ్చేరీలో ఒక్కొక్కప్పుడు తాను పియానో విడిచి లేచిపోయి, శిష్యుని స్వేచ్ఛగా వాయింపనిచ్చెడివాడు. 1957 సెప్టెంబరులో కోల్ట్రేన్ తన పేర బ్లూ ట్రెయిన్ అను రికార్డును చేసెను. 1958 ఆరంభమున డేవిస్ ఇతనిని మరల పిలిచికొనెను. పోయినవాడు ఒకడు, తిరిగివచ్చినవాడు మరియొకడు.

రెండు మార్గములు

1959వ సంవత్సరము ఇతని జీవితమున ముఖ్యమైనది. ఆ వసంతమున డేవిస్ మేళముతో కైండ్ ఆఫ్ బ్లూ అను రికార్డున పాల్గొనెను. అందు స్వరసమూహములు మాటిమాటికి మారవు. ఒకే స్వరశ్రేణిపై చాలసేపు నిలిచి, దానిలోని అందమును నెమ్మదిగ వెలికితీయుటయే అచటి పద్ధతి. రాగాలాపనము నెరిగిన మన శ్రోతలకు ఈ మార్గము పరాయిదిగా తోచదు.

కొలదివారములకే, మే నెలలో, దీనికి పూర్తిగ విరుద్ధమైన జయంట్ స్టెప్స్ అను రచనను అతడు రికార్డు చేసెను. ఇందు ఆధారస్వరము నిలుకడగ నుండదు. స్థాయిని మూడు సమభాగములుగ విభజించి, ఆ మూడు చోట్లకును ఆధారషడ్జము దుముకుచుండును. నిమిషమునకు 280కి పైగా మాత్రలు నడచు వేగములో, తరచుగ రెండేసి మాత్రల కొక స్వరసమూహము మారును. ఆ దినమున పియానో వాయించిన టామీ ఫ్లానగన్ సమర్థుడే. అయినను తన వంతు వచ్చినప్పుడు తడబడి నిలిచిన చప్పుడు రికార్డులో నేటికిని వినబడును. కోల్ట్రేన్ మాత్రము ఆ చిక్కుబాటను నెలలతరబడి సాధన చేసియుండెను. అతడు తడబడలేదు. ఆ సంపుటములోనే భార్యపేర చేసిన నైమా యను రచన కలదు. అది యెంతయు నిదానమైనది, శాంతమైనది.

సొంతమేళము - కీర్తి

1960లో డేవిస్‌ను విడిచి కోల్ట్రేన్ సొంతమేళమును కూర్చుకొనెను. పియానో వాయించు మెకాయ్ టైనర్, డ్రమ్ములు వాయించు ఎల్విన్ జోన్స్, కొంతకాలమునకు చేరిన బాస్ వాద్యకారుడు జిమ్మీ గారిసన్ అతనికి మూడు స్తంభములవంటివారు. ఆ యేడాది అక్టోబరులో, అప్పుడు ప్రదర్శింపబడుచున్న సంగీతనాటకమునుండి మై ఫేవరిట్ థింగ్స్ అను చిన్నపాటను గ్రహించి, సొప్రానో శాక్సఫోనుపై పదుమూడు నిమిషములకు పైగా విస్తరించి వాయించెను. మూడు మాత్రల నడకలో సాగు ఆ రికార్డు 1961లో వెలువడి జనసామాన్యమును ఆకర్షించెను.

ఇచట ఆగియుండిన అతనికి సుఖజీవనము లభించెడిది. అతడు ఆగలేదు. 1961 నవంబరులో న్యూయార్కులోని విలేజ్ వాన్‌గార్డ్ అను చోట వాయించినవానిలో ఇండియా అను రచన యొకటి. ఒకే ఆధారస్వరముపై నడచు ఆ రచన భారతీయ సంగీతమును వినుటవలన కలిగిన ఫలము. అదే నెలలో ఒక ప్రసిద్ధ పత్రికయందలి విమర్శకుడు ఇతని వాద్యము జాజ్ సంగీతమునకే విరుద్ధమని దూషించెను. కోల్ట్రేన్ కోపింపలేదు. విమర్శకుల ప్రశ్నలకు మరుసటి యేడు అదే పత్రికలో శాంతముగ సమాధానములిచ్చెను.

మౌనవేదన

1963 సెప్టెంబరు 15వ తేదీన అలబామా రాష్ట్రమందలి బర్మింగ్‌హామ్ నగరమున, నల్లవారి ప్రార్థనాలయమున జాతిద్వేషులు పెట్టిన బాంబు ప్రేలి నలుగురు బాలికలు మరణించిరి. రెండు నెలలు గడచిన పిమ్మట కోల్ట్రేన్ అలబామా అను రచనను రికార్డు చేసెను. అందు మాట లేదు, నినాదము లేదు. శవముచెంత కూర్చున్న పెద్దమనుష్యుని దుఃఖమువలె ఆ శాక్సఫోను నెమ్మదిగ పలుకును. బాల్యమున వేరుబడిలో చదివి, సంవత్సరములోపల మూడు మరణములను చూచినవాని హృదయ మది.

ఎ లవ్ సుప్రీమ్

1964 డిసెంబరు 9వ తేదీన న్యూజెర్సీలోని వాన్ గెల్డర్ రికార్డింగు శాలలో ఎ లవ్ సుప్రీమ్ అను నాలుగు భాగముల రచన రికార్డు చేయబడెను. పరమమైన ప్రేమ యని దాని పేరున కర్థము. ఇది పదునాలుగు దినముల పాట వేడుకొని చెల్లించిన మ్రొక్కు కాదు. ఏడేండ్ల క్రిందట తల్లి యింటి గదిలో పొందిన మేల్కొలుపునకు అతడు చెల్లించిన ఋణము. మొదటిభాగమున నాలుగు స్వరముల చిన్నపలుకు పుట్టును. కోల్ట్రేన్ దానిని స్థాయియందలి పండ్రెండు స్థానములందును త్రిప్పి వాయించి, తుదకు తానే కంఠమెత్తి జపమువలె పలుకును. నాలుగవ భాగమున తాను వ్రాసిన దైవస్తుతిని, మాటలు పలుకక, అక్షరమున కొక స్వరముగ శాక్సఫోనుపై చదువును. 1965లో వెలువడిన ఈ రికార్డు అతని కృతులలో తలమానికమని విజ్ఞులు తలంతురు.

భారతదేశముతోడి సంబంధము

కోల్ట్రేన్ పుస్తకప్రియుడు. వివిధమతముల గ్రంథములను, తత్త్వగ్రంథములను విరివిగ చదివెను. సితారు విద్వాంసుడు పండిత రవిశంకర్‌ను కలిసికొని, మన రాగతాళములను, సంగీతమున శాంతి యెట్లు చేకూరునను విషయమును అడిగి తెలిసికొనెను. అతని వాద్యమును వినిన రవిశంకర్, ఇంతటి సౌమ్యుని సంగీతమున అంత కల్లోల మేల యని ఆశ్చర్యపడెను. కొంతకాలము తీరికగ శిష్యరికము చేయవలెనని కోల్ట్రేన్ తలంచెను. ఆ కోరిక తీరలేదు. 1965 ఆగస్టు 6వ తేదీన పుట్టిన కుమారునకు రవి యని పేరుపెట్టుకొనెను. ఆ రవి కోల్ట్రేన్ కూడ పెరిగి శాక్సఫోను విద్వాంసుడయ్యెను.

రవి తల్లి ఆలిస్. ఈమె పియానోయందును హార్పు అను తంత్రీవాద్యమునందును విదుషీమణి. నైమాతోడి కాపురము 1963లో విచ్ఛిన్నమైన పిమ్మట కోల్ట్రేన్ ఈమెను పెండ్లాడెను. భర్త మరణానంతరము ఆలిస్ వేదాంతమార్గము నవలంబించి తురీయ సంగీతానంద యను నామము ధరించెను. పిదప పుట్టపర్తి సత్యసాయిబాబాయందు భక్తి కలదై, కాలిఫోర్నియాలో ఆశ్రమము నెలకొల్పి భజనలు నడపించెను. ఫిలడెల్ఫియాలో మొదలైన సాధనయొక్క శాఖ యొకటి ఇట్లు తెలుగునేలవైపు చేయిచాచినది.

తుదిదినములు

1965 జూన్ నెలలో పదునొకండుగురు వాద్యకారులతో అసెన్షన్ అను రచనను చేసెను. అందు కట్టుబాట్లు మిక్కిలి సడలినవి. పెక్కు కంఠములు ఒక్కమారు మొరపెట్టినట్లుండును. పూర్వాభిమానులలో అనేకులు విముఖులైరి. ఏండ్లతరబడి తోడునిలిచిన టైనర్, జోన్స్ కూడ కొలది నెలలలో మేళమును విడిచిరి. ఇది కోల్ట్రేన్ చెల్లించిన మూల్యము. జనులు మెచ్చిన దానినే మరల మరల వాయించుట అతనికి సాధ్యము కాలేదు. తుదికాలపు కృతులు వినువారికి నేటికిని కఠినములే.

1966 జూలైలో జపాను దేశమున పర్యటించుచు నాగసాకి చేరి, అణ్వస్త్రమునకు బలియైనవారి స్మారకస్థలమున ప్రార్థించెను. అప్పటికే అతని కాలేయమున రోగము పెరుగుచున్నది. బాధను పైకి చెప్పక దాచుకొని, వైద్యమునకు ఆలస్యము చేసెను. 1967 ఏప్రిల్ 23వ తేదీన న్యూయార్కులోని హార్లెమ్‌నందు నైజీరియా దేశీయుడగు ఒలతుంజి నెలకొల్పిన ఆఫ్రికా సంస్కృతి కేంద్రమున వాయించెను. జూలై 17వ తేదీన లాంగ్ ఐలండునందలి హంటింగ్టన్ ఆసుపత్రిలో కాలేయపు కాన్సరు వ్యాధితో మరణించెను. అప్పటి కతనికి నలువదియొకటవ యేడు నిండలేదు.

ఉపసంహారము

మరణించిన నలువదియేండ్లకు, 2007లో, పులిట్జర్ సంస్థ అతనికి ప్రత్యేక గౌరవము ప్రకటించెను. అంతకంటెను తలపోయదగినవి మరి రెండు కలవు. 1957లో మంక్‌తో కూడి కార్నెగీ హాలునందు వాయించిన కచ్చేరీ ధ్వనిముద్రణము అమెరికా జాతీయ గ్రంథాలయమగు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఎవరికిని తెలియక పడియుండి 2005లో బయటపడెను. 1961 నాటి మరియొక కచ్చేరీ న్యూయార్కు సార్వజనిక గ్రంథాలయపు భాండారమున దొరికి 2023లో లోకమునకు వినవచ్చెను. యౌవనమున గ్రంథాలయమున కూర్చుండి విద్య నార్జించినవాని నాదమును, అరువదేండ్ల పిమ్మట గ్రంథాలయములే కాపాడి లోకమున కందిచ్చినవి.

కోల్ట్రేన్ జీవితమున దోషములు లేకపోలేదు. వ్యసనమున కొన్నియేండ్లు వృథాయయ్యెను. దేహమును నిర్లక్ష్యము చేసెను. అయినను పడినవాడు లేవవచ్చుననియు, లేచినవాడు నడవవలెననియు అతని చరిత్రము చాటుచున్నది. అతనికి జన్మతః లభించిన యాస్తి లేదు. తల్లి కష్టము, గురువుల దయ, ఊరి బాండుమేళము, నగరపు గ్రంథాలయము అతనికి దారిచూపినవి. తక్కిన దంతయు సాధన. చదువుకొను గది యెంత చిన్నదైనను, అందు కూర్చున్నవాని పట్టుదల పెద్దదైనచో, దాని ఫలము దేశముల దాటి పోవునని యువకులు గ్రహింతురు గాక.